శ్లాబు రోజు నీళ్ల బకెట్ ఎవరి చేతిలో ఉంది?

తెల్లారి ఐదున్నర. విశాఖ మధురవాడలో మా వీధి మలుపు దగ్గర ట్రాక్టర్ ఆగింది. దాని వెనకాల గున్న ఏనుగులా కాంక్రీటు కలిపే మిల్లరు. ఇంకో పావుగంటకి ఆటోల్లో, ఒక వ్యానులో కూలీల ముఠా దిగింది. ఆడా మగా కలిపి పాతికమంది. సగం మంది శ్రీకాకుళం జిల్లా ఊళ్లవాళ్లు, కొందరు విజయనగరం వైపు వాళ్లు, నలుగురు ఒడిశా కుర్రాళ్లు. ఒకావిడ క్యారేజీలన్నీ గోడవారన నీడలో సర్దింది. ఇంకొకరు డ్రమ్ములోకి పైపు వేశారు. మేస్త్రి కొబ్బరికాయ అడిగి తీసుకుని, "అప్పన్నా, సూసుకో నాయనా" అని సింహాచలం కొండ వైపు తిరిగి దణ్ణం పెట్టి కొట్టాడు. ఆరుంపావుకి మిల్లరు తిరగడం మొదలైంది.

ఇది మా ఇంటికి రెండో శ్లాబు. మొదటిది 2013లో కింది అంతస్తుకి వేశాం. రెండేళ్లు తిరక్కుండానే హాల్లో ఫ్యాను చుట్టూ చెమ్మ కనిపించింది. ఆ తర్వాతి వానలకి కింద గిన్నె పెట్టుకున్నాం. ఎవరినడిగినా ఒక కారణం తయారుగా ఉండేది. సిమెంటు కల్తీదన్నారు. ఇసుకలో ఉప్పుందన్నారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను కొట్టినప్పుడు ఇల్లు అదిరుంటుందన్నారు. మా పెద్దత్తయ్య అయితే "కర్తరిలో వేశారు, కారక ఏం చేస్తుంది?" అని ఒక్క మాటలో తేల్చేసింది. ఆవిడ మాట పూర్తిగా కొట్టిపారెయ్యలేను. మే నెల ఎండకి కాంక్రీటు పైపొరలో నీరు గబగబా ఆవిరైపోయి సన్న పగుళ్లు రావడం నిజమే. కాకపోతే అది కర్తరి చేసే పని కాదు, ఎండ చేసే పని.

మా తమ్ముడు సైటు ఇంజినీరు. రెండో శ్లాబుకి ముందు వాడి వెంటపడి పెందుర్తి నుంచి గాజువాక దాకా ఓ పది పన్నెండు ఇళ్ల శ్లాబులు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడి చూశాను. చూశాక నాకు అర్థమైంది ఇది: కప్పు కారాలా వద్దా అన్నది ఎక్కువగా ఆ తొమ్మిది పది గంటల్లోనే తేలిపోతుంది. తేల్చేది సిమెంటు బ్రాండు కాదు, మిల్లరు పక్కన ఉండే నీళ్ల బకెట్. ఆ బకెట్ ఎత్తే చేతిని నడిపించేది కూలి బేరం.

అమెరికాలో ఇళ్ల కప్పులు వేసే ముఠాల పని వేరు. అక్కడ చాలా ఇళ్లకి చెక్క వాసాల మీద పలకలు పరిచి, వాటి మీద తారు పట్టించిన బిళ్లల్ని వరసగా మేకులతో కొట్టుకుంటూ పోతారు. చీకటి పడితే ఆపి, మర్నాడు అదే వరస నుంచి అందుకోవచ్చు. ఒక బిళ్ల పాడైతే దాన్నొక్కదాన్నే పీకి మార్చొచ్చు. మన కప్పుకి ఆ వెసులుబాటు లేదు. మొదలుపెడితే చివరి గమేళా కాంక్రీటు పడేదాకా ఆగకూడదు. పడ్డాక పీకి మార్చేదీ లేదు. రేకులు వేసుకుంటే సులువే, కానీ హుద్‌హుద్ రోజున గంటకి 180 కిలోమీటర్ల గాలిలో రేకులు కాగితాల్లా లేచిపోవడం చూసిన ఊరు ఇది. నాలుగు డబ్బులు చేతిలో ఉన్నవాడెవడూ మళ్లీ రేకుల జోలికి పోలేదు.

అసలు శ్లాబు రోజు ముందు రోజు సాయంత్రమే మొదలవుతుంది. సెంట్రింగు వాళ్లు కాంక్రీటుకి అచ్చుగా రేకులు పరిచి, కింద జాకీలో సరుగుడు బాదులో పోటు పెట్టి వెళ్లిపోయుంటారు. రాడ్డు మేస్త్రి జాలీ కట్టేసి ఉంటాడు. ఇంటి యజమాని పైకెక్కి, ఇనుప జాలీ చూసి ముచ్చటపడి, ఫొటో తీసి బంధువులకి పంపుతాడు. 2013లో నేనూ అదే చేశాను. ఆ ఫొటో ఇప్పటికీ ఉంది. ఇప్పుడు చూస్తే అందులో జాలీ చాలాచోట్ల రేకుకి ఆనుకునే ఉంది.

ఎందుకు అది తప్పో చెప్పాలంటే ఉప్పుగాలి సంగతి చెప్పాలి. ఇనుముకి కాంక్రీటు ఒక చొక్కా లాంటిది. చొక్కా మందం తగ్గితే తేమా ఉప్పూ లోపలికి దిగి ఇనుము తుప్పుపడుతుంది. తుప్పు ఇనుము కంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అలా ఉబ్బి, కింద ఉన్న కాంక్రీటుని పెచ్చులు పెచ్చులుగా తోసేస్తుంది. బీచి వైపు పాత అపార్టుమెంట్ల బాల్కనీల అడుగున ఎర్రటి గీతలు, ఊడిన పెచ్చులు కనిపించేది ఇందుకే. కాంక్రీటు పనికి దేశమంతా పాటించాల్సిన ప్రమాణం ఐఎస్ 456. దాని 2000 నాటి కూర్పు వాతావరణాన్ని బట్టి ఈ చొక్కా మందం ఎంతుండాలో చెబుతుంది. మామూలు చోట 20 మిల్లీమీటర్లు. తీరప్రాంతంలో ఉండి, ఉప్పుగాలి నుంచి చాటున్న కాంక్రీటుకి 30. తీరపు గాలికి నేరుగా తెరుచుకున్నదానికి 45. కాంక్రీటు బలం కూడా అలాగే పెరగాలి: మొదటిదానికి ఎం20 చాలు, రెండోదానికి ఎం25, మూడోదానికి ఎం30 (అంకె పెద్దదైతే కాంక్రీటు బలం ఎక్కువని). మన ఊళ్లో చిన్న ఇళ్లకి మేస్త్రీలు వేసేది సిమెంటు ఒకటికి ఒకటిన్నర ఇసుక, మూడు పిక్క (కంకర). అంటే సరిగ్గా చేస్తే ఎం20. జాలీని రేకు నుంచి ఎత్తి ఉంచడానికి కింద పెట్టే కవరు బిళ్లలు, పెడితే, 20 మిల్లీమీటర్లవి. సముద్రం పక్కన ఉంటూ రాయలసీమ ఇంటి కప్పు వేసుకుంటున్నామన్నమాట.

కవరు బిళ్ల ఖరీదు చాలా తక్కువ. అయినా పెట్టరు. పెట్టినా, కొన్ని నలిగిపోతాయి, కొన్ని పక్కకి ఒరుగుతాయి. కొందరు బిళ్ల బదులు పిక్క రాయి దూరుస్తారు. మనుషులు నడిచేసరికి అది జారిపోతుంది. రెండో శ్లాబుకి మా తమ్ముడు ముందు రోజు సాయంత్రం మోకాళ్ల మీద కూర్చుని జాలీ అంతా వెతికాడు. రేకుల సందుల్లో పాత సిమెంటు సంచుల ముక్కలు కుక్కించాడు. సందుంటే సిమెంటు పాలు కిందికి కారిపోయి, పిక్క మాత్రం మిగిలి తేనెపట్టులా బొక్కలు పడతాయి. కరెంటు పైపులు కూడా వాడే చూశాడు. ఐదంగుళాల శ్లాబులో ఒకే చోట మూడు పైపులు ఒకదాని మీద ఒకటి ఎక్కితే అక్కడ కాంక్రీటు సగమే మిగులుతుంది. మా హాల్లో ఫ్యాను దగ్గర కారడానికి ఇదో కారణం. నీరు దిగింది పిట్టగోడ మూల పగుల్లోంచి. అక్కణ్ణుంచి పైపు పట్టుకుని వచ్చి ఫ్యాను కొక్కెం దగ్గర బయటపడింది. లీకు కనిపించిన చోట సున్నం పూసుకుంటూ మేము నాలుగేళ్లు గడిపాం.

ఇంకొకటి, ఇది ప్రాణాల మీదికి వచ్చేది. గదుల మధ్యలో శ్లాబుకి బలం అడుగు రాడ్డు. దూలాల మీద, బాల్కనీల్లో, సన్‌షేడుల్లో బలం పై రాడ్డు. గాలిలో నిలబడ్డ బాల్కనీ కిందికి వంగాలని చూస్తుంది కాబట్టి దాని పైభాగం సాగుతుంది. పై రాడ్డు ఆ సాగుదలని పట్టుకోవాలి. కాంక్రీటు పోసేటప్పుడు గమేళాలు మోస్తూ జనం దాని మీదే నడుస్తారు. రాడ్డు కుంగి అడుక్కి చేరుతుంది. కాంక్రీటు పడ్డాక ఎవరికీ కనిపించదు. సెంట్రింగు ఊడదీసినప్పుడో, పండగనాడు పదిమంది బాల్కనీలో నిలబడ్డప్పుడో తెలుస్తుంది. పై రాడ్డుని ఎత్తి ఉంచే ఇనుప కుర్చీలు కింద కట్టి, నడవడానికి చెక్క పలకలు పరిస్తే ఈ సమస్య సగం తీరుతుంది. మా మేస్త్రికి పలకలు అడిగితే "అయ్యి ఉంటే కాళ్లకి అడ్డం బాబూ" అన్నాడు. పక్కవాళ్ల సైటు నుంచి నేనే నాలుగు తెచ్చి వేశాను.

ఇక లెక్క. వెయ్యి చదరపు అడుగుల ఇల్లు, ఐదంగుళాల శ్లాబు అనుకుందాం. దాదాపు 12 ఘనపు మీటర్లు. దూలాలు కలిపితే 14. ఒక ఘనపు మీటరుకి 8 బస్తాల సిమెంటు చొప్పున 110 బస్తాలు దాటుతుంది. చిన్న సైటుకి వచ్చే మిల్లరు ఒక్కో తిప్పుకి ఒక్క బస్తా సరుకు పడుతుంది. అంటే 110 తిప్పులు. ఐఎస్ 456 ప్రకారం సరుకంతా పడ్డాక మిల్లరు కనీసం రెండు నిమిషాలు తిరగాలి. ఎక్కించడం, దించడం కలిపితే ఒక్కో తిప్పుకి నాలుగు నిమిషాలు. 440 నిమిషాలు, అంటే ఏడు గంటల ఇరవై నిమిషాలు. ఇది ఎక్కడా ఆగకపోతే. తిండికి గంట, డీజిలు, తెగిన బెల్టు, మధ్యలో ఒక జల్లు కలిపితే పది గంటలు. మొత్తం బరువు 35 టన్నులు. లిఫ్టు ఉన్న మిల్లరయితే పైదాకా అది ఎత్తుతుంది, అక్కణ్ణుంచి మూల మూలకీ మోయాల్సింది మనిషే. గమేళాకి పాతిక కిలోలు వేసుకున్నా 1,400 గమేళాలు.

ఈ లెక్కకి ఒక గడియారం తోడవుతుంది. సిమెంటుకి నీరు తగలగానే గట్టిపడడం మొదలెడుతుంది. ప్రమాణం ప్రకారం మామూలు సిమెంటు మొదటి అరగంటలో బిగుసుకోకూడదు, పది గంటల్లోపు పూర్తిగా బిగుసుకోవాలి. అరగంటంటే అన్నీ అరగంటకే బిగుస్తాయని కాదు. కానీ ఎండ ఎక్కువైన కొద్దీ ఆ వ్యవధి తగ్గిపోతుంది. ఒక చోట పోసిన కాంక్రీటు బిగుసుకున్నాక దాని పక్కన కొత్తది పోస్తే రెండూ ఒకటవ్వవు. మధ్యలో కంటికి కనిపించని గీత ఉండిపోతుంది. వాన నీరు వెతుక్కునేది ఆ గీతనే. అందుకే మధ్యలో ఆపకూడదు. మరీ తప్పకపోతే గది మధ్య మూడో వంతులో, నిలువుగా చెక్క అడ్డం పెట్టి ఆపాలి. చాలామంది దూలం పక్కన ఆపుతారు, అది బలంగా ఉంటుంది కదా అని. శ్లాబుని కోసే ఒత్తిడి ఎక్కువగా ఉండేది సరిగ్గా అక్కడే.

ఇప్పుడు బకెట్ దగ్గరికి వద్దాం.

సిమెంటు పూర్తిగా బిగుసుకోవడానికి బస్తాకి సుమారు 20 లీటర్ల నీళ్లు చాలు. అంతకు మించి పోసేదంతా కలపడానికి, పరచడానికి వీలుగా ఉండాలని. ఆ మిగులు నీళ్లు తర్వాత ఆవిరైపోతాయి. వాటి స్థానంలో వెంట్రుక కంటే సన్నని దారులు మిగులుతాయి. ఒకదానితో ఒకటి కలిసిన ఆ దారులగుండానే వాన దిగుతుంది, ఉప్పు దిగుతుంది. నీళ్లు పెరిగేకొద్దీ కాంక్రీటు బలం పడిపోతుందని డఫ్ ఏబ్రమ్స్ అనే అమెరికన్ ఇంజినీరు 1918లోనే చెప్పాడు. ఎం20కి ఒకటి, ఒకటిన్నర, మూడు కొలతలో బస్తాకి 30 లీటర్లు మించకూడదని ఐఎస్ 456 హద్దు పెట్టింది. తీరపు గాలికి తెరుచుకున్న కప్పుకైతే ఆ లెక్క 22 లీటర్లన్నరకి దిగిపోతుంది.

సైటులో ఏం జరుగుతుందో నేను లెక్కపెట్టాను. పెయింటు ఖాళీ డబ్బా, ఇరవై లీటర్లది. ఒక్కో తిప్పుకి ఒకటి నిండా, రెండోది దాదాపు నిండా. 36, 38, ఒక్కోసారి 40 లీటర్లు. పైగా ఇసుక తడిది. బస్తాకి పడే ఎనభై కిలోల ఇసుకలో ఐదు శాతం చెమ్మ ఉన్నా అదే నాలుగు లీటర్లు. ముందురోజు వాన పడితే ఇంకా ఎక్కువ. నీరు సిమెంటులో సగం బరువుండాల్సింది ముప్పాతిక దాటితే బలంలో మూడో వంతు పైనే పోతుంది. అయినా సిమెంటు కంపెనీనే తిడతాం.

పోసేవాళ్లకి తెలియక కాదు. మేస్త్రికి బాగా తెలుసు. గట్టిగా కలిపిన మాలు గమేళాలోంచి జారదు, పారతో లాగాలి, వైబ్రేటరుతో బాగా కుదిపితేగానీ రాడ్ల మధ్యకి దిగదు. నీళ్లెక్కువైతే దానంతటదే పారుకుంటూ మూలలకి పోతుంది, పైన తాపీతో ఒక్కసారి రాస్తే అద్దంలా కనిపిస్తుంది. యజమాని కూడా అద్దంలా ఉందని మెచ్చుకుంటాడు. ముఠాకి డబ్బు రోజు లెక్కన కాదు, గుత్తకి. ఒక్కోచోట బస్తాకి ఇంతని, ఒక్కోచోట చదరపు అడుక్కి ఇంతని. నాలుగింటికి అయినా, ఏడింటికి అయినా అదే డబ్బు. గట్టి మాలు పోస్తే రెండు మూడు గంటలు, ఎన్నో పార దెబ్బలు ఎక్కువ. ఆ కష్టానికి ఎవరూ ఒక్క రూపాయి ఇవ్వరు. ఇంకో లీటరు నీళ్లు పోస్తే ఆ కష్టం ఊరికే తగ్గిపోతుంది. మీరు నేను ఆ ఎండలో ఉన్నా అదే చేస్తాం.

ఇందులో నాకు కోపం వచ్చేది కూలీల మీద కాదు, బేరం చేసే మన మీద. మేస్త్రి బస్తాకి ఇంత అంటే, పక్కవీధి ముఠా ఇంకా తక్కువకే వస్తానందని మనం తగ్గిస్తాం. తగ్గిన ప్రతి రూపాయినీ ముఠా టైములో తీసుకుంటుంది. మిల్లరు రెండు నిమిషాలు తిరగాల్సింది ఒక్క నిమిషమే తిరుగుతుంది. వైబ్రేటరు పట్టుకునే కుర్రాడు నీడిల్‌ని (దాని కొసనుండే ఇనుప గొట్టాన్ని) నిలువుగా దించి, బుడగలు ఆగేదాకా ఉంచి, మెల్లగా పైకి తియ్యాల్సింది పోయి, దాంతోనే మాలుని ముందుకి ఈడుస్తూ పోతాడు. కాంక్రీటులో ఐదు శాతం గాలి మిగిలిపోతే బలం దాదాపు 30 శాతం పడిపోవచ్చు. అంటే పాతిక మందిలో కప్పు ఆయుష్షుని తేల్చేవాళ్లు ఇద్దరే. బకెట్ ఎత్తే ఆవిడ, వైబ్రేటరు పట్టే కుర్రాడు. మామూలుగా ముఠాలో అందరికంటే తక్కువ కూలి తీసుకునేవాళ్లు, అందరికంటే కొత్తవాళ్లు ఆ ఇద్దరే.

ఇసుక, పిక్క కొలిచేది కూడా గమేళాలతోనే. బస్తా సిమెంటు 35 లీటర్ల చోటు తీసుకుంటుంది కాబట్టి దానికి సరిపడా 35 లీటర్ల చెక్క పెట్టె పెట్టుకోవాలి. ఏ సైటులోనూ నాకది కనపడలేదు. పొద్దున నిండుగా పోగులెత్తిన గమేళా మధ్యాహ్నానికి అంచు దాకా అవుతుంది, సాయంత్రానికి మళ్లీ పోగులెత్తుతుంది, ఎందుకంటే బస్తాలు మిగిల్చి చూపిస్తే యజమాని సంతోషిస్తాడు. ఇసుకకీ ఓ చరిత్ర ఉంది. విశాఖ ఊళ్లో పెద్ద నది లేదు. శ్రీకాకుళం వైపు నాగావళి, వంశధార నుంచో, గోదావరి నుంచో రావాలి. 2019లో రాష్ట్రంలో ఇసుక దొరక్క పనులు ఆగిపోయినప్పుడు భవన కార్మికుల కోసం ఈ ఊళ్లోనే, నవంబర్ 3న, పెద్ద ర్యాలీ జరిగింది. 2024 జూలైలో ఉచిత ఇసుక విధానం వచ్చింది. అయినా రవాణా ఖర్చు యజమాని జేబులోంచే పోతుంది.

పదింటికి ముఠా పావుగంట ఆగింది. చోడి (రాగి) అంబలి, ఉల్లిపాయ, ఎండుచేప. మధ్యాహ్నం భోజనం మాత్రం శ్లాబు రోజున యజమానిదే. ఇదిగో ఇక్కడ బేరం ఉండదు. కోడి బిర్యానీ పెట్టలేదంటే ఆ ఇంటి పేరు వచ్చే ఐదేళ్లూ ముఠాలన్నీ చెప్పుకుంటాయి. ఆకుల్లో వడ్డిస్తుంటే మిల్లరు ఒక్కసారిగా ఆగింది. ఆ నిశ్శబ్దంలో పొద్దున్నించీ మనం ఎంత చప్పుడులో ఉన్నామో తెలిసింది. బకెట్ ఎత్తే ఆవిడ చేతులు కడుక్కుంది. సిమెంటు నీళ్లకి వేళ్ల సందులు తెల్లగా పాలిపోయి, చర్మం చిట్లి ఉంది. సిమెంటు క్షారం చర్మాన్ని కాలుస్తుంది. రబ్బరు తొడుగులు ఇస్తే "జారిపోతాయి బావూ, బకెట్టు నిలవదు" అంది. తలమీద హెల్మెట్ ఒక్కరికీ లేదు. లిఫ్టు కింద నిలబడకండని మా తమ్ముడు చెప్పిన ప్రతిసారీ ఐదు నిమిషాలు పక్కకి జరిగేవాళ్లు.

1996లో కేంద్రం చేసిన చట్టం ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసిన కార్మికుడికి సంక్షేమ బోర్డులో నమోదయ్యే హక్కిచ్చింది. పాతిక మందిలో ఆ బోర్డు కార్డు ఉందన్నవాళ్లు నలుగురే. మిగతావాళ్లకి మేస్త్రి చేతి పుస్తకంలో పేరే కార్డు.

రెండున్నరకి కైలాసగిరి వైపు నుంచి మబ్బు పట్టింది. శ్లాబు మీద అందరి చూపూ అటే. కాంక్రీటు కొంత బిగిశాక పడే చిన్న జల్లు మంచిదే, క్యూరింగు చేసినట్టు, అంటే నీళ్లు పెట్టి తడిపినట్టు. అప్పుడే పోసిన దాని మీద గట్టి వాన పడితే పైనున్న సిమెంటు పాలు కొట్టుకుపోయి ఇసుక బయటపడుతుంది. ప్లాస్టిక్ పట్టా తెచ్చి ఉంచాం కానీ కప్పాల్సిన అవసరం రాలేదు. వాన మొత్తం సముద్రం మీదే పడింది.

సాయంత్రం మట్టపు బద్దతో లాగి, పిట్టగోడ వైపు వాలు సరిచూసి, తాపీ పని మొదలయ్యింది. ఇక్కడ ఒక చెడ్డ అలవాటు ఉంది. పైన తేలిన నీటి మీద పొడి సిమెంటు జల్లి రాసేస్తారు. నీరు పీల్చుకుని పైపొర వెంటనే నున్నగా వస్తుంది. అది కింది కాంక్రీటుతో కలవని వేరే పొట్టు. ఏడాది తిరిగేసరికి పొలుసులుగా లేస్తుంది. తేలిన నీరు ఆరేదాకా ఓపిక పట్టి, అప్పుడు రాయాలి. ఓపికంటే మళ్లీ గంటే. మళ్లీ ఆ గంట ఎవరిది అన్నదే ప్రశ్న.

కాంక్రీటు ముందే కలిపి తెచ్చే రెడీమిక్స్ లారీ తెప్పించుకుంటే ఈ బాధలుండవు కదా అని అడుగుతారు. కొంత వరకు నిజం. ప్లాంటులో తూకం కంప్యూటరుది. కానీ మన కొండవాలు కాలనీల్లో చాలా సందులకి ఆ లారీ ఎక్కదు. ఎక్కినా, ట్రాఫిక్‌లో ఆలస్యమై గట్టిపడ్డ మాలు పంపులో ఇరుక్కుంటుందని డ్రైవరు గేటు దగ్గరే డ్రమ్ములోకి నీళ్ల పైపు పెట్టడం నేను కళ్లారా చూశాను. బకెట్ చెయ్యి మారిందంతే. చవకైన ఉపాయం ప్లాస్టిసైజర్ అనే మందు. బస్తాకి సుమారు 200 మిల్లీలీటర్లు కలిపితే తక్కువ నీళ్లతోనే మాలు సులువుగా జారుతుంది. మా శ్లాబుకి అదే వాడాం. తెలియని మేస్త్రి మందు పోసి, అలవాటుకొద్దీ నీళ్లు కూడా పోస్తే మాత్రం పులుసే.

మర్నాటి నుంచి పని ముఠాది కాదు, మనది. ఇసుకతో గట్లు కట్టి మడులు చేసి నీళ్లు నిలపాలి. మామూలు సిమెంటుకి కనీసం ఏడు రోజులు. మన ఊళ్లో ఎక్కువగా దొరికేవి ఉక్కు ఫ్యాక్టరీ కొలిమి చిట్టెం (స్లాగ్), బొగ్గు బూడిద కలిపినవి. అవి మెల్లగా బలపడతాయి కాబట్టి పది రోజులు తప్పనిసరి, పద్నాలుగు మేలు. మొదటి మూడు రోజులు ఉత్సాహంగా తడిపి, నాలుగో రోజు వాచ్‌మన్‌కి అప్పజెప్పి మర్చిపోతారు. సెంట్రింగు వాడి గొడవ ఇంకోటి. అతనికి రేకులు, జాకీలు ఇంకో సైటుకి పోవాలి. నాలుగున్నర మీటర్ల లోపు గదుల శ్లాబు కింద పోట్లు ఏడు రోజులు, అంతకంటే పెద్దదైతే పద్నాలుగు, ఆరు మీటర్ల లోపు దూలాలకి పద్నాలుగు ఉంచమంటుంది ప్రమాణం. అదీ మామూలు సిమెంటుకి. ఐదో రోజు నాకు ఫోను వచ్చింది. "సార్, సిన్న గదుల కాడ ఊడదీసేస్తాం?" పదిహేనో రోజు దాకా ముట్టుకోవద్దన్నాను. అద్దె రోజుకి ఇంత చొప్పున కట్టాను. ఆ మొత్తం మా పాత హాలుకి పెట్టిన వాటర్‌ప్రూఫ్ ఖర్చుతో పోలిస్తే చాలా తక్కువ.

రెండో శ్లాబుకి నేను ప్రత్యేకంగా చేసింది ఒకటే. ముందు రోజు రాత్రి పెయింటు డబ్బా లోపల 12 లీటర్ల దగ్గర ఎర్ర రంగుతో గీత పెట్టాను. ఆ గీతకి రెండు డబ్బాలు, 24 లీటర్లు. ఇసుకలో చెమ్మ ఎలాగూ ఉంది, మందు కూడా ఉంది. పొద్దున్నే బకెట్ ఎత్తే ఆవిడకి చూపించి, "అమ్మా, ఈ గీత దాటొద్దు" అన్నాను.

ఆవిడ డబ్బాలోకి చూసి, నన్ను చూసి, "మేస్త్రి పొయ్యమంటే?" అంది.

ఆవిడకి కూలి ఇచ్చేది నేను కాదు. మేస్త్రి దగ్గరికి వెళ్లాను. గుత్త డబ్బులు కాక, సాయంత్రం ఆరు దాటాక పట్టే ప్రతి గంటకీ ముఠాకి విడిగా డబ్బిస్తానని, అది తన పుస్తకంలో నా ఎదురుగానే రాసుకోమని చెప్పాను. మేస్త్రి కాసేపు ఏమీ అనలేదు. తర్వాత బకెట్ వైపు తిరిగి, "ఒలే, బాబు సెప్పినట్టే ఎయ్యి" అన్నాడు. చివరి గమేళా లైట్ల వెలుగులో రాత్రి ఏడున్నరకి పడింది. మిల్లరు కడుగుతుంటే డబ్బాలో ఎర్ర గీత సగం చెరిగిపోయింది.